తప్పొప్పుల పట్టిక

జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినవాడికి ఒక జబ్బు మిగులుతుంది. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, చేతిలో ఎర్ర కలం లేకపోయినా వేళ్ళు వాటంతటవే కదులుతాయి. శుభలేఖలో అచ్చుతప్పు కనిపిస్తే ఆ పెళ్ళిలో నాకు భోజనం సహించదు. తెనాలిలో ఉన్నన్నాళ్ళూ ఈ జబ్బుతో బాధపడింది మా ఇంటావిడ ఒక్కతే. ఆ జబ్బుని విమానం ఎక్కించి సముద్రం దాటించాక అసలు చిక్కు మొదలైంది.

సింగపూర్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మా అమ్మాయీ అల్లుడూ 2023 మార్చిలో మమ్మల్ని జావా, బాలి చూపిస్తామన్నారు. మా ఆవిడ సర్దుకున్నది చీరలూ, ఆవకాయా, మాత్రలూ. నేను కొన్నది లావుపాటి నోటుపుస్తకం. అట్ట మీద "జావాలో మనవి" అని గుండ్రంగా రాశాను. గుడులు మనవి, రామాయణం మనది, భారతం మనది, ఆఖరికి వాళ్ళ రాజుల పేర్లు కూడా మనవే. అప్పిచ్చినవాడు పత్రం పట్టుకుని బయల్దేరినట్టు బయల్దేరాను. పుస్తకం చివర కొన్ని పేజీలు వదిలి, నిలువుగా గీత కొట్టి, "తప్పొప్పుల పట్టిక" అని శీర్షిక పెట్టాను. ఎడమ గడిలో "వారిది", కుడి గడిలో "సరైనది". చూడకముందే తప్పులకి చోటు కేటాయించుకున్నానన్నమాట.

మొదటి పద్దు ప్రంబానన్‌లో పడింది. యోగ్యకార్తా ఊరి పక్కన 47 మీటర్ల ఎత్తు శివాలయం, అటూ ఇటూ బ్రహ్మ, విష్ణువుల గుడులు, చుట్టూ వందలాది చిన్న గుడుల శిథిలాలు. 856 నాటి శాసనం ఒకటి ఈ గుడి గురించే చెబుతోందని పండితులు అంటారు. అంటే మన నన్నయ భారతం రాయడానికి రమారమి రెండు వందల ఏళ్ళ ముందు సంగతి. ఆ లెక్క నేనే వేసి, ఆ వెంటనే మర్చిపోయాను.

మాకు గైడుగా వచ్చింది హిజాబ్ కట్టుకున్న పాతికేళ్ళ అమ్మాయి. శివాలయం చుట్టూ వసారా లాంటి నడవ ఉంది. దాని పిట్టగోడకి లోపలివైపు రామాయణం చెక్కారు. ప్రదక్షిణంగా నడుస్తూ చదువుకోవాలి. కథ ఇక్కడ మొదలై, మిగతా భాగం పక్కనున్న బ్రహ్మ గుడిలో సాగుతుంది. రావణుడు సీతను ఎత్తుకుపోయే ఘట్టం దాటాక జటాయువు దగ్గర ఆ అమ్మాయి ఆగింది. సీత జారవిడిచిన ఉంగరాన్ని జటాయువే రాముడికి అందిస్తున్నాడని చెప్పింది.

"ఉంగరం తీసుకెళ్ళింది హనుమంతుడు. ఇచ్చింది రాముడు. పుచ్చుకుంది సీత," అన్నాను, ఒక్కో వాక్యానికీ ఒక్కో వేలు మడుస్తూ.

"అది కూడా ఉంది సర్. ఇది వేరే ఉంగరం," అంది.

నేను పట్టిక తెరిచాను. సేతువు కట్టే ఘట్టం దగ్గర కోతులు రాళ్ళు విసురుతుంటే నీళ్ళలో చేపలు వాటిని మింగేస్తున్నాయి. అదీ రాసుకున్నాను. ఆ తర్వాత ఆ రాతిని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికి, ఇంకో తప్పు పట్టాను: "ఉడుత లేదు."

"ఉడుత వాల్మీకంలోనూ లేదు కదా నాన్నా," అంది మా అమ్మాయి. "రంగనాథ రామాయణంలోది అని నువ్వే చెప్పావు, తొమ్మిదో తరగతిలో."

చెప్పానట. నాకు గుర్తులేదు. లక్ష్మణరేఖ విషయంలోనూ ఇదే గతి పట్టేదేమో, కానీ అప్పటికే నేను గుడి లోపలికి నడుస్తున్నాను.

ఉత్తరపు గదిలో చీకట్లో దుర్గ ఉంది. ఎనిమిది చేతులు, కాళ్ళ కింద దున్నపోతు. నా ఒళ్ళు పులకరించిన మాట నిజం. ఆ పులకరింతలో జేబులోంచి కర్పూరం బిళ్ళ తీసి, పళ్ళెం లేదు కాబట్టి దుర్గ పాదాల ముందు రాతి మీదే పెట్టి, అగ్గిపుల్ల గీశాను. బయట ఈల వినిపించింది. కాపలావాడు పరుగున వచ్చి ఊది ఆర్పేశాడు. వెయ్యేళ్ళు దాటిన రాయి, పొగకి నల్లబడుతుంది. ఆ మాత్రం ఇంగితం మా ఊరి మ్యూజియం గుమాస్తాకీ ఉంటుంది. నేను మాత్రం "ఇది మా దేవుడు" అని ఇంగ్లీషులో గట్టిగా అన్నాను. దేవుడు కాదు, దేవత. కోపంలో లింగం కూడా తప్పింది.

గైడు అమ్మాయి కాపలావాడితో ఏదో సర్దిచెప్పి నా వైపు తిరిగింది. తమ కొత్త సంవత్సరం న్యేపీకి ముందురోజు జావాలోని హిందువులంతా ఈ గుడి ముందే పెద్ద పూజ చేస్తారనీ, ఇంకొన్నాళ్ళుంటే చూడొచ్చనీ చెప్పింది. జావాలో ఇప్పటికీ హిందువులున్నారన్న సంగతి నాకప్పటిదాకా తెలియదు. నేను వెతుక్కుంటూ వచ్చింది రాళ్ళని, మనుషుల మాటే తట్టలేదు. ఆ పూజ చేసేవాళ్ళు ముందుగా అనుమతి తీసుకుని వస్తారని కూడా చెప్పింది. ఆ వాక్యం ఎవరి కోసమో నాకు అర్థమైంది.

అక్కడితో ఊరుకున్నానా? ఆ విగ్రహాన్ని ఊరివాళ్ళు రోరో జొంగ్రాంగ్ అంటారని ఆ పిల్ల కథ ఎత్తుకుంది. తన తండ్రిని చంపినవాడే పెళ్ళాడతానంటే, ఒక్క రాత్రిలో వెయ్యి గుడులు కట్టమని షరతు పెట్టిందట రాకుమారి. వాడు భూతాల చేత 999 కట్టించేశాడు. ఆమె ఊరి ఆడవాళ్ళని లేపి, మంటలు వేయించి, వడ్లు దంచించింది. తెల్లారిందనుకుని కోళ్ళు కూశాయి, భూతాలు పారిపోయాయి. వాడు మండిపడి ఆమెనే వెయ్యో బొమ్మగా రాయైపొమ్మని శపించాడు. చక్కని కథ. నేను మధ్యలోనే ఆపాను: "అమ్మాయీ, ఈవిడ మహిషాసురమర్దిని. వడ్లు దంచడమేమిటి?"

"తెలుసు సర్, కాళ్ళ కింద దున్నపోతు ఉంది కదా," అని నవ్వింది.

ఆ పిల్లకి రెండూ తెలుసు. నాకు తెలిసింది ఒకటే. అయినా పట్టికలో ఎడమ గడి తనకే వేశాను. బయటికొచ్చాక, కూలిన చిన్న గుడుల రాళ్ళ గుట్టలు చూపించి, వీటినెందుకు కట్టలేదు, మా స్థపతుల్ని పిలిస్తే ఏడాదిలో నిలబెడతారు కదా అన్నాను. అసలు రాళ్ళలో ఎక్కువ భాగం దొరికితేనే కడతారట, కొత్త రాయితో నింపేయరట. ఈ పెద్ద శివాలయాన్నే రాయీ రాయీ వెతికి పేర్చడానికి ఏళ్ళు పట్టి, 1953లో పూర్తయింది. 2006 భూకంపానికి మళ్ళీ దెబ్బతింది. ఆ ఓపిక మీద కూడా నేనొక వ్యాఖ్య రాసుకున్నాను. ఏమని రాశానో ఇక్కడ చెప్పను.

బోరోబుదూర్ గురించి ఎక్కువ చెప్పడానికి నాకు అర్హత లేదు. 504 బుద్ధ విగ్రహాలు, రెండు వేల పైచిలుకు శిల్ప ఫలకాలు ఉన్నచోట నా దృష్టంతా ఫొటోల మీదే ఉంది. పునాది చుట్టూ 160 ఫలకాలు చెక్కి, ఆపైన రాతి కట్టడంతో తామే మూసేశారనీ, అవి ఉన్నట్టు 1885లో గానీ బయటపడలేదనీ, ఇప్పటికీ ఆగ్నేయ మూలలో కొన్ని మాత్రమే కనిపిస్తాయనీ విన్నాక కూడా, నేను రాసింది "పని వృథా" అన్న రెండు మాటలు. ఎవరు ఏ కర్మకి ఏ ఫలం అనుభవిస్తారో చూపించే ఫలకాలట అవి. నన్ను చూసే మూసేసి ఉంటారు.

ఇక ఆ రాత్రి.

యోగ్యకార్తాకి కొంత దూరంలో ఒక పల్లెలో ఏదో ఊరి వేడుకకి తోలుబొమ్మలాట ఉందని గైడు అమ్మాయి చెప్పింది. అక్కడ వయాంగ్ కులిత్ అంటారు. రాత్రి తొమ్మిది దాటాక మొదలై తెల్లారేదాకా సాగుతుంది. ఆడించేవాణ్ణి దలాంగ్ అంటారు, ఒక్కడే. అన్ని బొమ్మలూ అతని చేతుల్లోనే, అన్ని గొంతులూ అతనివే. ఎడం పక్కనున్న బొమ్మల పెట్టెని చెక్కసుత్తితో తడుతూ, కుడికాలి వేళ్ళతో లోహపు పలకలు మోగిస్తూ, వెనకనున్న గామెలాన్ వాద్యబృందాన్ని నడిపిస్తాడు. రాత్రంతా కూర్చున్నచోటు నుంచి లేవడు. తెర అడుగున అరటి బోదెలు పరిచి ఉంటాయి. వేషం లేని బొమ్మలన్నీ వాటికి గుచ్చి, మంచివాళ్ళు అతని కుడివైపు, తక్కినవాళ్ళు ఎడమవైపు బారులు తీరి ఉంటారు.

మేం వెళ్ళేసరికి జనమంతా దలాంగ్ వెనక, వాద్యగాళ్ళ చుట్టూ చేరి కూర్చున్నారు. తెరకి అవతలివైపు ఖాళీ. నాకు నవ్వొచ్చింది. నీడలాటని నీడ పడేవైపు నుంచి చూడాలని కూడా తెలియదా వీళ్ళకి? పట్టిక తీసి, "ప్రేక్షకులు తప్పు వైపు కూర్చున్నారు" అని రాసి, కుర్చీ మోసుకుంటూ అవతలికి పోయాను. మా అల్లుడు పాపం మొహమాటానికి కాసేపు నాతో కూర్చుని, దోమలకి తాళలేక లేచిపోయాడు. ఆ వైపున మిగిలింది నేనూ, ఒక కుక్కా.

ఆడింది ఘటోత్కచ జననం. పుట్టిన బిడ్డ బొడ్డు ఏ ఆయుధానికీ తెగదు. దానికోసం స్వర్గం నుంచి ఒక దివ్యాస్త్రం వస్తుంది. పొరపాటున అస్త్రం కర్ణుడి చేతిలో పడుతుంది, అర్జునుడికి దాని ఒర మాత్రం దక్కుతుంది. ఆ ఒరతోనే బొడ్డు కోస్తే, అది బిడ్డ కడుపులోకి దూరిపోతుంది. ఏళ్ళ తర్వాత యుద్ధంలో కర్ణుడు విసిరిన అస్త్రం తన ఒరని వెతుక్కుంటూ వెళ్ళి ఘటోత్కచుడిని చంపుతుంది. ద్రోణపర్వంలో కర్ణుడి శక్తి ఘటోత్కచుడి మీదే ఎందుకు ఖర్చయిందో మనవాళ్ళు రాజనీతితో చెప్పారు. వీళ్ళు పుట్టుకతో ముడివేశారు. ఆ చీకట్లో ఒంటరిగా కూర్చుని నేను ఒక్క క్షణం నోరు తెరుచుకుని విన్నాను. ఆ క్షణం గురించి పుస్తకంలో రాసుకోలేదు. రాసుకున్నవి ఇవి: ద్రౌపదికి ధర్మరాజు ఒక్కడే భర్త, తప్పు. శిఖండి ఆడది, పైగా అర్జునుడి భార్య, ఘోరం.

అర్ధరాత్రి దాటాక నలుగురు వికారపు బొమ్మలు దిగారు. బానపొట్ట సెమార్, అతని కొడుకులు కుంటి గారెంగ్, పొడుగుముక్కు పెత్రుక్, పొట్టి బాగోంగ్. అవతలివైపు జనం ఒక్కసారిగా విరగబడి నవ్వారు. హాస్యగాళ్ళు కదా, కథ మళ్ళీ మొదలయ్యేదాకా టీ తాగొద్దామని లేచాను. నేను తిరిగొచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఊరంతా సాయంత్రం నుంచి ఎదురుచూసింది ఆ ఘట్టం కోసమేననీ, ఆ బానపొట్టవాడు పనివాడి రూపంలో ఉన్న దేవుడనీ, శివుడికే అన్న వరస అవుతాడనీ మర్నాడు తెలిసింది. నేను తాగిన టీ కూడా బాగాలేదు.

తెల్లవారుజామున ఆట ముగించి, నమాజు చేసుకుని వచ్చాడు దలాంగ్. అరవై దాటిన మనిషి. తలపాగా, వెనక నడుముకి దోపిన బాకు. భారతం అంతా కంఠస్థం ఉన్న ముసల్మాను. గైడు అమ్మాయి మధ్యవర్తిగా మాట్లాడుకున్నాం. ఘటోత్కచుడంటే మాకెంత ఇష్టమో చెప్పాలని మాయాబజార్ కథ ఎత్తుకున్నాను. అభిమన్యుడూ శశిరేఖా ప్రేమించుకోవడం, పెద్దలు ఆ పిల్లని దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇస్తామనడం, ఘటోత్కచుడు పెళ్ళికూతురి వేషం వేసుకుని పీటల మీద కూర్చోవడం. నేను ఒక్కో మలుపూ చెబుతుంటే ఆయన తల ఊపుతున్నాడు. గైడు అనువదించక ముందే ఊపుతున్నాడు.

"మాకూ ఉంది. సితి సుందరి. బలరాముడి కూతురు కాదు, కృష్ణుడి కూతురు," అన్నాడు.

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "చూశారా! మా సినిమా 1957లో వచ్చింది. ఇక్కడ కూడా ఆడి ఉంటుంది. మీవాళ్ళు అందులోంచి తీసుకున్నారు!" అన్నాను.

ఆ అమ్మాయి ఆ మాటని అనువదించడానికి కాస్త తటపటాయించింది. చివరికి చెప్పింది. ఆయన పెద్దగా నవ్వి, ఎంపు పనులుహ్ అనే కవి పేరు చెప్పాడు. మా అల్లుడు ఫోన్ తీసి వెతికి, నాకు మాత్రమే వినిపించేలా చదివాడు. ఘటోత్కచాశ్రయం అనే కావ్యం, కెదిరి రాజుల కాలం, 12వ శతాబ్దం. నన్నయకి తర్వాత, తిక్కనకి ముందు.

"మామయ్యగారూ, ఇంతకీ శశిరేఖ మన భారతంలో ఏ పర్వంలో వస్తుంది?" అన్నాడు నెమ్మదిగా. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అతను ఇంజనీరు.

ఏ పర్వంలోనూ రాదు. వ్యాసుడూ రాయలేదు, కవిత్రయమూ రాయలేదు. నా ఎదురుగా ఉన్న ముసలాయనతో ద్రౌపది భర్తల లెక్క తేల్చుకుందామని వచ్చినవాణ్ణి, మా నాటకాలవాళ్ళూ సినిమావాళ్ళూ అల్లుకున్న పిల్లని భారతంలోది అని చెప్పి కూర్చున్నాను.

పోనీ అక్కడైనా ఆగితే బాగుండేది. రాత్రంతా అటువైపు ఒంటరిగా ఎందుకు కూర్చున్నారని ఆయన అడిగాడు. మా దేశంలో అటే కూర్చుంటాం, బొమ్మల రంగులు తెర మీద కనిపిస్తాయి అన్నాను. అది నిజమే, ఫొటోల్లో చూశాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "రంగులు తెర మీద పడతాయా? ఏ తోలుతో చేస్తారు?"

ఇక్కడ నేనొక విషయం ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ధర్మవరంలో పనిచేశాను. తోలుబొమ్మలకి పేరుపడ్డ నిమ్మలకుంట ఆ మండలంలోనే ఉంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు "మా ధర్మవరం" అని స్నేహితులందరికీ ఫోన్లు చేశాను. ఆ ఊరు మాత్రం వెళ్ళలేదు. ఒక్క ఆటైనా పూర్తిగా చూడలేదు. నా తరగతిలో ఒక పిల్లవాడు తరచూ బడి మానేసేవాడు. ఎందుకురా అంటే "ఆటకి పోయినా సార్, మా నాయనతో" అనేవాడు. వాణ్ణి బెంచీ ఎక్కించి రంగనాథ రామాయణం పద్యభాగం అప్పజెప్పమన్నాను. వాడు నేను చెప్పని భాగం కూడా రాగం తీసి పాడాడు. బొమ్మలాటవాళ్ళు పాడుకునేది ఆ ద్విపదలే అని అప్పటికి నాకు తెలియదు. వెక్కిరిస్తున్నాడనుకుని దింపలేదు.

ఇంతకీ ఏ తోలు? తెలియదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. జీవితమంతా బల్లకి ఇవతల నిలబడ్డవాడికి ఆ మాట నోట్లో తిరగదు. "దున్నపోతు తోలే, మీలాగే," అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. పెట్టెలోంచి అర్జునుడి బొమ్మని తీసి, తెర వెనక ఇంకా వెలుగుతున్న దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. చిల్లుల్లోంచి తప్ప ఎక్కడా వెలుగు రాలేదు. నల్లటి నీడ. బొమ్మ తిప్పాడు. బంగారు పూత, ఎరుపు, నీలం, అన్నీ మా వైపే మెరిశాయి. జనం రాత్రంతా ఇటువైపే ఎందుకు కూర్చున్నారో అప్పటికి నా బుర్రకెక్కింది. దున్నపోతు తోలు మందం. రంగు అందులోంచి దిగదు. రంగులు తెర మీద పడాలంటే తోలు పల్చగా, వెలుగు పారేదిగా ఉండాలి. ఈ సంగతి ఆయనకి, మా దేశం చూడనివాడికి, నా నోటి నుంచి అబద్ధం వచ్చిన మరుక్షణంలో తెలిసిపోయింది. నా పరువు కాపాడ్డానికి కాబోలు, "బహుశా మీవాళ్ళు చాలా పల్చగా గీకుతారేమో" అన్నాడు. నేను అవునన్నాను.

హోటల్‌కి రాగానే ధర్మవరంలో ఉన్న పాత సహోద్యోగికి ఫోన్ చేశాను. "మేకతోలు మాస్టారూ," అన్నాడాయన నిద్రమత్తులో. మెడ, నడుము, కాళ్ళూ చేతులూ అన్నీ విడివిడిగా అతికి ఉంటాయనీ, కొన్ని బొమ్మలు నిలువెత్తున ఉంటాయనీ, మనవాళ్ళు నిలబడి కాలితో తొక్కుతూ ఆడిస్తారనీ, కుటుంబం మొత్తం తెర వెనక ఉంటుందనీ, ఇప్పుడు ఆటలు తగ్గి లాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్నారనీ చెప్పాడు. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చినప్పుడు జనం ఎలా నవ్వుతారో చెబుతుంటే నాకు పొడుగుముక్కు పెత్రుక్ గుర్తొచ్చాడు. "ఇవన్నీ ఇప్పుడెందుకు, ఎక్కడున్నారు?" అన్నాడు. జావాలో అన్నాను. అవతల చాలాసేపు దగ్గు వినిపించింది.

ఇంత జరిగాక బుద్ధి వచ్చి ఉంటుందని మీరనుకుంటే, బాలి సంగతి వినండి. ఆ ఏడు ఉగాదీ, బాలివాళ్ళ కొత్త సంవత్సరం న్యేపీ ఒకే రోజు పడ్డాయి, మార్చి 22న. ఇద్దరిదీ ఒకే శక సంవత్సరం, 1945. ఇక పట్టగలరా నన్ను? వేపపువ్వు తెనాలి నుంచే తెచ్చుకున్నాం. ముందురోజు సాయంత్రం వీధుల్లో రాక్షసుల బొమ్మల ఊరేగింపు చూస్తూ, "రేపు మనవాళ్ళ పండగ" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. మేం దిగిన ఇంటి యజమానురాలు రెండుసార్లు చెప్పింది: రేపు నిప్పు రాజేయకూడదు, దీపం పెట్టకూడదు, పని చేయకూడదు, గడప దాటకూడదు. విమానాశ్రయం కూడా ఆ రోజంతా మూసేస్తారు, ఫోన్లలో ఇంటర్నెట్ ఉండదు. ఆ నియమాలన్నీ వాళ్ళకే అనుకున్నాను. మనం పండగ చేసుకునేవాళ్ళం కదా.

పొద్దున్నే తలంటు పోసుకుని, పంచె కట్టి, ఉగాది పచ్చడి గిన్నె ఒక చేత్తో, శోభకృత్ నామ సంవత్సర పంచాంగం ఇంకో చేత్తో పట్టుకుని, ఎదురింటివాళ్ళకి శుభాకాంక్షలు చెబుదామని గేటు తీశాను. నలుపు తెలుపు గళ్ళ పంచెలో ఒక ఊరి కాపలాదారు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు. నా పచ్చడి వంకా, నా వంకా చూసి, చేత్తో లోపలికి చూపించాడు. వెళ్ళాను. లోపల మా ఆవిడ పంచాంగం అందుకుని సూట్‌కేసులో పెట్టేసింది. చదివేవాడూ లేడు, వినేవాడూ లేడు. సాయంత్రం ఇంటామె మీ ఊళ్ళో ఈ రోజు ఏం చేస్తారని అడిగితే, గొంతు తగ్గించి, పంచాంగం చదువుతాం, కవి సమ్మేళనాలు పెడతాం, సన్మానాలు చేసుకుంటాం అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అన్నీ మాట్లాడేవే," అంది.

తెనాలి వచ్చాక ఒక సాహితీ సంస్థవాళ్ళు "విదేశాల్లో మన వైభవం" మీద మాట్లాడమన్నారు. వెళ్ళాను. జావా దలాంగ్ నన్ను తోలు గురించి అడిగిన వైనం చెప్పాను. "మేకతోలు నాయనా, అందుకే మా బొమ్మల రంగులు తెర మీద పండుతాయి అని విడమరిచి చెబితే, ఆ మహాకళాకారుడు లేచి నమస్కరించాడు" అన్నాను. చప్పట్లు మోగాయి. ముందువరసలో మా అల్లుడు, సెలవుకి వచ్చి ఉన్నాడు, సీలింగ్ ఫ్యాన్ వంక చూస్తూ కూర్చున్నాడు. ఒక కుర్రాడు లేచి, నిమ్మలకుంటలో ఆట చూశారా మాస్టారూ అని అడిగాడు. చూడకుండా ఎలా ఉంటాను నాయనా, అక్కడే పనిచేశాను అన్నాను. శాలువా కప్పారు. వంగి కప్పించుకున్నాను.

వచ్చే నెల బాలి మీద మాట్లాడాలట. శీర్షిక అడిగితే "బాలిలో మన ఉగాది" అని ఇచ్చాను. కరపత్రం అచ్చుకి వెళ్ళిపోయింది.